కాంతం అత్త కుడి పక్క

శనివారం పొద్దున్న కాంతం అత్త సంచి పట్టుకుని వీధిలోకి వస్తే ఎందుకొచ్చావని మా పేటలో ఎవరూ అడగరు. ప్రతి ఇంట్లోనూ వంటింటి గుమ్మం పక్కన ఒక చిన్న డబ్బా ఉంటుంది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా ఇంటావిడ అందులోంచి ఒక పిడికెడు తీసి ఆ డబ్బాలో వేస్తుంది. అది దేవుడి వాటా. వారానికొకసారి స్త్రీల సమాజం తరఫున ఒకరు వచ్చి ఆ బియ్యం పోగుచేసి చర్చిలో అప్పజెప్తారు. ఎవరూ లేని ముసలివాళ్ళకు కొంత, ఏడాదికోసారి జరిగే స్త్రీల సభలకు కొంత. పేటలో బాప్టిస్టు చర్చి కట్టిన నాటి నుంచీ ఇదే పద్ధతి. పోగుచేసే పని మా మేనత్త కాంతానిది. ఆమెకు పిల్లల్లేరు. సుందరరావు మావ తాపీ మేస్త్రి, పనుంటే విజయనగరం, లేకపోతే ఇంటి అరుగు. వారంలో మిగతా రోజులన్నీ అత్తకు ఆ శనివారం కోసమే ఉన్నట్టుండేవి.

సంచి మూతి తెరిచి పట్టుకోవడం నా పని. చిన్నప్పుడు మొదలైంది, డిగ్రీ అయ్యాక కూడా మానలేదు. నేను ఎక్కువ మాట్లాడే మనిషిని కాను. అత్త గుమ్మంలో నిలబడి అందర్నీ పలకరిస్తుంటే నేను సంచిలో బియ్యం పడే చప్పుడు వింటూ ఉంటాను. తాయారు పిన్నిది గబుక్కున పడుతుంది, ఆమెకు ఎప్పుడూ తొందరే. లక్ష్మణమ్మ పెద్దమ్మ డబ్బా బోర్లించి అడుగున రెండు దెబ్బలు కొడుతుంది, ఒక్క గింజ కూడా మిగలకూడదని. కళ్ళు మూసుకున్నా ఏ గుమ్మం ముందున్నామో చెప్పగలిగేదాన్ని.

పేటలో అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చిన ఏడాది, అత్త రెండో చేతిలోకి ఇంకో సంచి వచ్చింది. అందులో తెల్ల ప్లాస్టిక్ డబ్బాలు. డబ్బా మీద ఆకుల బొమ్మ, వెనక సూర్యుడు, పక్కన నవ్వుతున్న ముసలాయన. లోపల పొడి. పొద్దున్నా సాయంత్రం గోరువెచ్చని నీళ్ళలో కలుపుకుని తాగితే మోకాళ్ళ నొప్పులు, నీరసం, షుగరు అన్నీ సర్దుకుంటాయట. రంగు చూస్తే చోడిపిండిలా, అంటే రాగిపిండిలా ఉండేది. దాని కంపెనీ పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉండేది. అత్తకు నోరు తిరగక "కంపినీ" అని ఊరుకునేది.

"ఇది అమ్మకం కాదు," అని ముందే చెప్పేది అందరికీ. "అమ్ముకోడానికైతే నాను దుకాణం పెట్టుకుందును. ఇది సేరడం."

చేరడం ఎలాగో చూపించడానికి ఆ ఇంటి చేటే అడిగి తీసుకునేది. చేట మధ్యలో ఒక బియ్యపు గింజ పెట్టేది. "ఇది నువ్వు." దాని కింద రెండు గింజలు. "ఈల్లు నీ కిందోల్లు. ఎడం పక్కొకల్లు, కుడి పక్కొకల్లు. మల్లీ ఆల్ల కింద ఇద్దరిద్దరు. ఆల్లు కొన్నా నీకొస్తాది, ఆల్ల కిందోల్లు కొన్నా నీకొస్తాది." అలా వరసలు పేర్చుకుంటూ పోతే చేట అంచు వచ్చేసేది. తాయారు పిన్ని ఇంట్లో పేరుస్తుంటే కోడిపెట్ట ఒకటి అరుగెక్కి వచ్చి ఆఖరి వరస మొత్తం తినేసింది.

"సూడు వదినా," అంది తాయారు పిన్ని, "నాకంటే ముందు నా కోడి సేరిపోనాది మీ కంపినీలో."

అత్త కూడా నవ్వింది. తాయారు పిన్ని ఆ పూటే చేరింది. పొడి మీద నమ్మకం కుదిరి కాదు. తర్వాత బోరింగు దగ్గర నాతో అంది, "కాంతం వదిన నోరు తెరిసి అడిగినాక నేదంటే బాగుంతాదేటే?" లక్ష్మణమ్మ పెద్దమ్మా అంతే. వీధి వీధంతా అంతే. బియ్యం అడిగే నోటితోనే అత్త అడిగింది, బియ్యం తీసే చేత్తోనే వాళ్ళూ ఇచ్చారు.

అత్త ఎవరినీ మోసం చెయ్యలేదు. ఆ మాట నేను ఎక్కడైనా చెప్తాను. ఆ పొడి తనూ రోజూ తాగేది, ముక్కు మూసుకుని.

ఒకసారి విజయనగరంలో కల్యాణమండపంలో మీటింగని నన్నూ తీసుకెళ్ళింది. వెళ్ళిన దగ్గర్నుంచీ నాకు ఏదో తికమక. ఎక్కడికొచ్చానో తెలిసి కూడా తెలియనట్టుంది. ముందు పాట పెట్టారు, అందరూ లేచి చప్పట్లు కొట్టారు. తర్వాత ఒక్కొక్కరే వేదికెక్కి, నేను ఒకప్పుడు ఇలా ఉండేవాణ్ణి, ఇప్పుడిలా అయ్యాను అని చెప్పారు. కొందరు ఏడ్చారు. మా ఇంటి ప్రార్థన కూడికల్లో దాన్ని సాక్ష్యం అంటాం. అక్కడ ఏమంటారో నాకు తెలీదు. నరసింగరావు అనే ఆయన టై కట్టుకుని వేదిక మీద అటూ ఇటూ తిరుగుతూ ఒక్కొక్కరి పేరే పిలుస్తున్నాడు. అత్తను కంపెనీలో చేర్చింది ఆయనే. అత్త పేరూ పిలిచాడు.

అత్తకు మైకు కొత్త కాదు. "దేవునికి స్తోత్రం" అని మొదలుపెట్టింది. చర్చి మెట్లెక్కాలంటే చెయ్యి పట్టుకునే మనిషి కావలసి వచ్చేదని, ఇప్పుడు పేటంతా ఒక్కతే తిరుగుతోందని చెప్పింది. వెనక వరసల్లోంచి ఎవరో "ఆమేన్" అన్నారు. ఎవరా అని వెనక్కి తిరగబోయి ఆగిపోయాను, ఎందుకంటే ఆ మాట నా నోటి దాకా కూడా వచ్చింది.

కిందికి దిగాక నరసింగరావు వంగి అత్త చేతులు పట్టుకున్నాడు. "అమ్మా, మా కుర్రాళ్ళు గంటసేపు చెప్పినా రాని నమ్మకం మీరు నాలుగు ముక్కల్లో తెచ్చేశారు. మీ ఇంటి ప్రార్థనల్లో ఇవే మాటలు చెప్పండి, చాలు."

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అడిగాను. "అత్తా, నిజంగా నీకు మోకాల్లు తగ్గినాయా?"

"తగ్గకపోతే అంతమందిలో నిలబడి సెప్తానేటే గుంటా?"

నిజమే, అబద్ధం చెప్పే మనిషి కాదు. అయితే ఆ నెలల్లో ఆమె ఎప్పుడూ లేనంత నడిచింది. ఆసుపత్రిలో రాసిచ్చిన మాత్రలు కూడా మానలేదు. దేనివల్ల తగ్గిందో ఎలా తెలుస్తుంది? నేను ఇంకేమీ అడగలేదు. గజపతినగరం వచ్చే దాకా ఆమె తన మాటలకు ఎవరెవరు చప్పట్లు కొట్టారో చెప్తూనే ఉంది. ఆ వారం పేటలో కూడికలోనూ అవే మాటలు చెప్పింది.

వానలు పడే నాటికి పేట అయిపోయింది. చేరగలిగిన వాళ్ళందరూ చేరిపోయారు. తాయారు పిన్ని తన కింద ఇద్దరిని తేవాలి. ఏ ఇంటికెళ్ళినా ఆ ఇంటావిడ అప్పటికే మరొకరి కింద ఉంది, పైగా ఆమే తాయారు పిన్నిని తిరిగి అడిగేది. లక్ష్మణమ్మ పెద్దమ్మ బొండపల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్ళి మాటకు మాట పెంచుకుని భోజనం చెయ్యకుండా వచ్చేసింది. ఎవరి పేరు నిలవాలన్నా నెల నెలా ఒక డబ్బా కొనాలి. కొన్న డబ్బాలు అటకలెక్కాయి.

అత్త కష్టం ఇంకో రకంది. ఎడం పక్క వరస పేట చివరి దాకా పెరిగిపోయింది. కుడి పక్కన బేబీ అనే అమ్మాయి ఒక్కతే ఉండేది, ఆమె కూడా పెళ్ళయి భావనపాడు వెళ్ళిపోయాక పొడి మానేసింది. కంపెనీ రెండు పక్కలనూ జతలు కట్టి చూస్తుందట. ఎడం పక్కన ఎంతమంది ఉన్నా, కుడి పక్కన వాళ్ళకు జోడు లేకపోతే లేనట్టే లెక్క. కంపెనీ వాళ్ళు పక్క అనరు, కాలు అంటారు. ఎడం కాలు, కుడి కాలు.

"ఒసే, నీ కుడి కాలు కుంటుతున్నాది," అనేవాడు సుందరరావు మావ అరుగు మీంచి. "ఆ పొడేదో దానికే రాయకపోయినావా?"

అత్త నవ్వేది కాదు.

ఆ రోజుల్లోనే శనివారం సంచిలో చప్పుడు మారింది. ముందు పలచనైంది. తాయారు పిన్ని డబ్బా వంచితే గింజలు వేరువేరుగా వినపడ్డాయి. "ఇంట్లో జొరాలు వదినా, సరిగ్గా వండనేదు," అంది. ఇంకో ఇంటి దగ్గర పిల్ల వచ్చి అమ్మ లేదంది, లోపల అమ్మ దగ్గింది. లక్ష్మణమ్మ పెద్దమ్మ గుమ్మంలోకి రాకుండా లోపల్నుంచే "బియ్యం నిండుకున్నాయి కాంతం" అని కేకేసింది. ఎసరులో అన్నం ఉడుకుతున్న వాసన వీధిలోకి వస్తోంది. అత్తకు ఆ వాసన తగిలిందో లేదో నాకు తెలీదు. "సర్లే" అని ముందుకు నడిచింది.

ఇంటికొచ్చాక సంచి గోడకు ఆనించింది. సగం కూడా లేదేమో, అది నిలబడలేక పక్కకు ఒరిగిపోయింది. అత్త దాన్నే చూస్తూ అంది, "మెర్సీ, నువ్వు నా కుడి పక్కన సేరే."

ఒరిగిన సంచిని నేను మళ్ళీ గోడకు నిలబెట్టాను.

"సదువుకున్నదానివి. గజపతినగరంలో, ఎస్.కోటలో నీ స్నేయితురాల్లుంతారు. నీ కిందికి ఇద్దరొచ్చినా సాలు, నా వరస లెగుస్తాది. నా వరస లెగిస్తే ఈల్లకీ దారి దొరుకుతాది. ఈల్లకి దొరికితే మల్లీ తలుపులు తీస్తారు."

ఆమెకు కావలసింది ఆ చివరి మాటే. వరసలూ జతలూ అన్నీ తలుపుల దాకా వెళ్ళడానికి ఆమెకు కనపడిన దారి. చేరనంటే నేనూ తలుపు వేసినట్టవుతుంది. చేరితే, ఇంకెక్కడో ఇంకెవరి తలుపో మూయించడానికి బయల్దేరినట్టవుతుంది.

"నెల్లాల్లు ఆగత్తా," అన్నాను.

ఎస్.కోటలో గౌతమి అని నా క్లాస్‌మేట్ ఉంది. వాళ్ళ నాన్న జానకిరామయ్య గారు వయొలిన్ నేర్పుతారు. ఇంట్లో కూర్చునే ఫోను మీద సంపాదిస్తోందని, అది చేర్పించే పని కాదని విన్నాను. అలాంటిది నిజంగా ఉంటే, అది నేర్చుకుని అత్తకూ చూపించి, ఈ డబ్బాల సంచి కింద పెట్టించవచ్చు అనుకున్నాను.

నేను వెళ్ళేసరికి ముందు గదిలో పిల్లలు వయొలిన్ వాయిస్తున్నారు. ఒకే చోట తప్పుతున్నారు. ఆయన విసుక్కోకుండా మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టిస్తున్నారు. వెనక వసారాలో గౌతమి ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

"ఎవర్నీ చేర్చక్కర్లేదు మెర్సీ. నేను ఏదో ఒక వస్తువు గురించి రాస్తాను. కింద లింకు పెడతాను. ఎవరైనా ఆ లింకు నొక్కి వెళ్ళి కొనుక్కుంటే, ఆ ఆన్‌లైన్ షాపు వాళ్ళు నాకు కొంచెం కమీషన్ ఇస్తారు. కొన్నవాళ్ళకి రూపాయి కూడా ఎక్కువ పడదు."

"అంటే వాల్లు నీ కింద ఉన్నట్టా?"

"ఎవరూ ఎవరి కిందా లేరే. కొనుక్కుంటారు, వెళ్ళిపోతారు. వాళ్ళు ఇంకెవరికో చెప్పినా నాకేం రాదు."

"వాల్లెవులో నీకు తెలుస్తాదా?"

"ఎలా తెలుస్తుంది? ఇంతమంది నొక్కారు, ఇంతమంది కొన్నారు అని అంకె కనిపిస్తుంది. అంతే."

తను రాసినవి చూపించింది. ప్రెషర్ కుక్కర్ల గురించి చాలా బాగా రాసింది. ఏది అడుగంటదు, ఏది చేతికి బరువు, ఏ కుక్కర్ మూత ఊరికే పట్టేస్తుంది అన్నీ ఉన్నాయి.

"ఇవన్నీ వాడినావా?"

గౌతమి గట్టిగా నవ్వింది. "మా అమ్మ కుక్కర్‌లో అన్నం వండనివ్వదు. నాలుగు చోట్ల చదివి, కొన్నవాళ్ళు ఏమన్నారో చూసి రాస్తాను. అబద్ధం మాత్రం రాయను."

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. గౌతమి ఎన్నడూ వాడని కుక్కర్ల గురించి రాస్తోంది, దానివల్ల ఎవరికీ నష్టం లేదు. అత్త రోజూ తాగి మరీ చెప్తోంది, దానివల్ల పేటంతా నష్టపోయింది. గౌతమికి కొన్నవాళ్ళ ముఖాలు తెలియవు. అత్తకు తన వరసలో ఉన్న ఒక్కొక్కరి ఇంట్లో ఎవరికి ఏ కూర పడదో కూడా తెలుసు. ఇందులో ఏది మంచి అని అడిగితే గౌతమిదే అని నా తల చెప్తోంది. అయినా ఎక్కడో సర్దుకోవడం లేదు. మా ఊరి దగ్గర దిగాల్సిన స్టాపు దాటిపోయి, తర్వాతి దాంట్లో దిగి వెనక్కి నడిచాను.

గౌతమి చెప్పినట్టే పేరు నమోదు చేసుకున్నాను. మా స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో మొదటి లింకు పెట్టాను, దోమల బ్యాటుది. దాని కింద అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఎవరూ నొక్కలేదు. మర్నాడు తాయారు పిన్ని మా ఇంటికే వచ్చింది.

"ఆ బ్యాటు బాగున్నాదే. తెప్పించు."

"అందులో నీలం రంగులో ఉన్నాది కదా పిన్నీ, అది నొక్కితే..."

"నాను నొక్కను తల్లీ. నొక్కితే బ్యాంకులోవి ఎల్లిపోతాయంట. నువ్వే నొక్కు. వస్తువొచ్చినాక డబ్బులిస్తాను."

సరేనని నేనే నొక్కాను, నా లింకు మీదే. ఆ పార్సిలు మా ఊరి దాకా రాదు, గజపతినగరం కొరియర్ ఆఫీసుకు వెళ్ళి తెచ్చుకోవాలి. తెచ్చి ఇచ్చాను. ఆ సాయంత్రం వీధిలో బ్యాటు చప్పుడు విని ఇంకో ముగ్గురు వచ్చారు. తర్వాత కుక్కర్ రబ్బర్లు, జాకెట్టు హుక్కులు, ఒకింటి ముసలాయనకు పక్క మీద వేసే రబ్బరు షీటు. స్త్రీల సభలు దగ్గర పడ్డాయి, అందరికీ ఒకే రకం తెల్ల చీరలు, నీలం అంచువి కావాలన్నారు. గౌతమి రాసిన పద్ధతిలో కాకుండా నేను చీర గుడ్డ దగ్గరగా పెట్టిన ఫొటోలు చూపించి, ఉతికితే జిగి పోతుందేమో అని నా అనుమానం కూడా చెప్పేదాన్ని. లక్ష్మణమ్మ పెద్దమ్మ నా పక్కన మంచం మీద కూర్చుని ఫోను దగ్గరగా పెట్టుకుని ఒక్కొక్క చీరే చూసింది. "నీకేదనిపిస్తే అదే పెట్టే," అంది చివరికి. ప్రతిసారీ నా లింకులోంచే వెళ్ళాను. పొరపాటున కూడా మర్చిపోలేదు.

నెలాఖరుకు చూస్తే నా కమీషన్ సున్నా ఉంది. దాని కింద ఇంగ్లీషులో ఒక మెయిలు. నా ఖాతా మూసేశామని.

గౌతమికి ఫోను చేశాను. "అయ్యో, నీ అకౌంటు నుంచే కొన్నావా అన్నీ? సొంతానికి కొనుక్కుంటే కమీషన్ రాదని రూల్సులో ఉంది కదే. చదవలేదా?"

"సదివాను. నేను సొంతానికి కొననేదు కదా. ఒక్క వస్తువు కూడా నాది కాదు."

"నీ చేత్తో కొంటే నీదే అనుకుంటారు వాళ్ళు. వాళ్ళంతట వాళ్ళే లింకు నొక్కాలి."

"వాల్లు నొక్కరు గౌతమీ. నా దగ్గరకొస్తారు."

అటు పక్క నుంచి వయొలిన్లు వినపడ్డాయి. "అదే కుదరదు," అంది.

ఆ శనివారం అత్త మంచం దిగలేదు. "నా కాలు బాగోనేదు. నువ్వెల్లిరా," అంది గోడ వైపు తిరిగి.

సంచి మూతి పట్టుకునే మనిషి లేదు. నేనే ఒక చేత్తో సంచి, ఇంకో చేత్తో డబ్బా పట్టుకోవాల్సి వచ్చింది. తాయారు పిన్ని గబుక్కున గుమ్మరించి, "సీర అంచు బాగున్నాదే" అంది. అమ్మ లేదన్న పిల్ల ఇంట్లో అమ్మ తనే వచ్చింది. లక్ష్మణమ్మ పెద్దమ్మ డబ్బా నిండుగా ఉంది. ఎన్ని వారాలదో. బోర్లించి అడుగున రెండు దెబ్బలు కొట్టింది. ఏ ఇంట్లోనూ అత్త ఎందుకు రాలేదని అడగలేదు. ఆ అడగకపోవడమే ప్రతి గుమ్మంలోనూ నాకు వినపడింది.

సంచి బరువెక్కుతూ పోయింది. నిండుగా తెచ్చినందుకు సంతోషపడాలో, ఈ సంచి అత్త కంట పడకుండా తిన్నగా చర్చికి తీసుకెళ్ళిపోవాలో తెలియలేదు. చర్చి తాళం చెవి అత్త దగ్గరే ఉంది. ఇంటికే తీసుకెళ్ళాను.

అత్త లేచి కూర్చుంది. సంచి చెవులు పట్టుకుని నేల మీంచి కాస్త ఎత్తింది, దించింది. ఏళ్ళ తరబడి ఎత్తిన చెయ్యి.

"నీకు తలుపులు తీసినారు," అంది.

"ఊఁ."

"నన్నడిగినారా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "నేదు."

సంచి మూతి ముడేసింది. తర్వాత, "నెల అయిపోనాది. సేరతావా?" అంది.

నా సంగతి చెప్పాను, లింకు దగ్గర్నుంచి మెయిలు దాకా. ఆమె నుదురు ముడిచి విన్నది.

"ఆగు. ఆల్లందరూ నీ మొకం సూసి కొన్నారు కాదేటి?"

"ఊఁ."

"మరి నీ పేరున రానేదంతాడేటి ఆడు?"

"నా మొకం సూసి కొన్నందుకే రాదంట."

"ఇదేటి నాయమే?"

"తెలీదత్తా."

"నా కంపినీకి మనుసుల పేర్లే కావాల. నీ దాంట్లో మనిసే ఉండకూడదు." గోడకు జారబడింది. "రెండూ ఎవులు కనిపెట్టినారో గానీ, మన పేట సూసి కనిపెట్టనేదు."

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏదీ పూర్తిగా రాలేదు. "అత్తా, నేను సేరితే నా కిందికి ఎవుల్ని తేవాలి? మల్లీ ఎక్కడో ఇలాటి గుమ్మాలే కదా," అన్నాను. ఆమె కొంగులో ఉన్న ఫోను మోగింది. నరసింగరావు పేరు వెలిగింది. అది మోగినంతసేపూ మేమిద్దరం దానికేసే చూస్తూ కూర్చున్నాం.

తర్వాతి శనివారం అత్త ఒక్క సంచే తీసుకుంది. నా చేతికి మూతి ఇచ్చింది. వీధిలో అడుగు పెట్టగానే ఆమె నడక మెల్లగా అయింది. మోకాళ్ళవల్లో, ఇంకెందువల్లో.

తాయారు పిన్ని గుమ్మంలోనే ఉంది, తప్పించుకోవడానికి లేదు. డబ్బా తెచ్చి సంచి మీద పట్టుకుని ఆగింది. పక్కింటి వాళ్ళు కూడా చూస్తున్నారు.

"ఈ బియ్యం కుడి పక్కకా వదినా, ఎడం పక్కకా?"

పక్కింట్లో ఎవరో కిసుక్కుమన్నారు. అత్త ముఖం ఎర్రబడింది. "సంచికి ఒకటే మూతి," అంది. "ఎయ్యి."

తాయారు పిన్ని వేసింది. ఎంత వేసిందో నాకు తెలియలేదు. అత్త ముఖం చూస్తూ ఉండిపోయాను.

లక్ష్మణమ్మ పెద్దమ్మ ఇంటి ముందు అత్త "బియ్యం" అని పిలిచింది. "నిండుకున్నాయి కాంతం," అని లోపల్నుంచి అదే మాట. ఈసారి అత్త "సర్లే" అనలేదు. అరుగు మీద కూర్చుంది.

"బియ్యానికి రానేదు. కూకోడానికొచ్చినాను," అంది.

లోపల గిన్నెలు చప్పుడయ్యాయి, ఆగిపోయాయి. నేను సంచి పట్టుకుని, కూర్చోవాలో నిలబడాలో తెలియక నిలబడ్డాను. చివరికి లక్ష్మణమ్మ పెద్దమ్మ బయటికొచ్చింది. చేతిలో తెల్ల ప్లాస్టిక్ డబ్బా ఉంది. అత్త పక్కన పెట్టింది.

"ఇది నీదే. సీలు కూడా తియ్యనేదు."

అత్త దాన్ని చేతిలోకి తీసుకుంది. మూత చుట్టూ ఉన్న కాగితం గోటితో చింపింది. "గ్లాసుతో నీల్లియ్యి," అంది. ఇస్తే పొడి కలిపి, ముక్కు మూసుకోకుండా మొత్తం తాగింది.

"ఎలగున్నాది?" అంది లక్ష్మణమ్మ పెద్దమ్మ.

"మట్టిలాగున్నాది."

"మరి మోకాల్లు తగ్గినాయని కూడికలో సెప్పినావు?"

అత్త గ్లాసు తిప్పుతూ కూర్చుంది. "తగ్గినాయనే అనుకున్నానే. తిరిగితే తగ్గినాయో, మాత్రకి తగ్గినాయో, దీనికే తగ్గినాయో. ఇప్పుడడిగితే తెలీదంతాను. దేనికి తగ్గినాయని అప్పుడు నన్నెవులూ అడగనేదు."

"నిన్నడుగుతామేటి?" అంది లక్ష్మణమ్మ పెద్దమ్మ. కోపంగా అన్నదో, ఇంకెలా అన్నదో నాకు ఇప్పటికీ తెలీదు. గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళింది.

అత్త లేవబోయింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుని సగం లేచి, లోపల అడుగుల చప్పుడు విని మళ్ళీ కూర్చుంది. లక్ష్మణమ్మ పెద్దమ్మ బియ్యం డబ్బాతో వచ్చి, అత్త వైపు చూడకుండా, నా సంచిలో బోర్లించింది. గింజలు పడ్డాయి. డబ్బా అడుగున ఒక దెబ్బ కొట్టింది. ఆగింది.

రెండో దెబ్బ కోసం నేను సంచి మూతి అలాగే తెరిచి పట్టుకుని నిలబడ్డాను.